తాయారమ్మ పాటలకు 8080వ వాకిలి

ఆగస్టు 7, 2006. సోమవారం. ఉదయం 6:10

కొత్త నోటుబుక్కు. కొత్త పెన్ను. కొత్త విజయరంగన్!

ఈ డైరీ తెలుగులో రాస్తాండా. ఎందుకంటే మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం గానీ, తెలుగు అక్షరం చదివేది నేనొక్కడినే. చిన్నప్పుడు తాత పట్టుబట్టి నేర్పించినాడు. నా భార్య మంగళం ఈ పుస్తకం తెరిచినా భయం లేదు. ధైర్యంగా రాసుకోవచ్చు.

తీర్మానం: మా పెద్దమ్మ తాయారమ్మ పాడే పెళ్లి పాటలు అరవై. అన్నీ రికార్డు చేసి ఇంటర్‌నెట్‌లో పెట్టాల. పెట్టేది మా ఇంటి కంప్యూటర్లోనే! ఎవురైనా, యాడినుంచైనా, తాయారుపాట డాట్ కామ్ అని కొడితే రెడ్డియార్‌పాళయంలో మా హాల్లో టీవీ పక్కనున్న డబ్బా పలకాల.

గడువు: సెప్టెంబరు 3, ఆదివారం. పెద్దమ్మ మనవరాలు నందిత పెళ్లి.

పెద్దమ్మ రెండిళ్ల అవతల ఉంటాది. డెబ్బై ఒక్క ఏండ్లు. పాండిచ్చేరిలో మన తెలుగిండ్లలో యాడ పెళ్లైనా నలుగు పాటలు ఆమె నోట్లోనుంచి రావాల్సిందే. కాగితం మీద ఒక్కటీ లేదు. రాసినా చదివేవాళ్లు లేరు. ఇప్పుడు ఆమె నోట్లో మిగిలినవి పదకొండు పళ్లు, పదకొండూ ఊగుతాండాయి. పెళ్లి కాగానే అన్నీ పీకేస్తానన్నాడు డాక్టరు.

"పళ్లు పొయ్యినాక రాగం వస్తాది రంగా, మాట రాదు" అనింది మొన్న. ఆ మాట నన్ను పట్టుకోనుండాది.

రూల్సు:
1. రోజుకు మూడు పాటలు. ఇరవై రోజులు. అరవై! లెక్క ఎంత అందంగా ఉండాదో!
2. నా సర్వర్, నా ఇల్లు.
3. త్యాగరాజన్‌ను అడగగూడదు. చచ్చినా.

త్యాగరాజన్ మంగళం తమ్ముడు. టౌన్లో బ్రౌజింగ్ సెంటర్ పెట్టినాడు. నా ప్లాను వినంగానే "ఎందుకు బావా అంత తంటా, యాడైనా హోస్టింగ్ కంపెనీలో జాగా అద్దెకు తీసుకోని పెట్టేద్దాం" అని నవ్వినాడు. ఆ నవ్వు చాలు నాకు.

సాయంత్రం 7:30

రెండు పాటలు అయినాయి! పెద్దమ్మ మైకును అటూఇటూ తిప్పి చూసి "ఈ కర్రముక్కకా పాడాల? దీనికి తల ఊపడం గూడా రాదే!" అనింది. అందుకని నేను ఎదురుగా కూర్చోని తల ఊపినాను.

సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించినా. బ్రౌజర్‌లో కొట్టినా. పేజీ తెరుచుకునింది!! పెద్దమ్మ ఫోటో, కింద తమిళంలో పాటల పేర్లు, నొక్కితే పాట. ఒకే రోజులో! ఇంత సులువైన పనికి జనం కంపెనీల కాళ్లెందుకు పట్టుకుంటారో!

వెంటనే తాయారుపాట పేరు కొనేసినా. ప్రెస్సు చెంగల్రాయన్‌కు ఫోన్ చేసి, పెళ్లి పత్రిక అడుగున తాయారుపాట డాట్ కామ్ అని వెయ్యమని చెప్పేసినా. ఆరువందల పత్రికలు.

ఆగస్టు 8, మంగళవారం. రాత్రి భోజనానికి ముందు

పాటలు: ఒకటి. అందులోనూ మంగళం మిక్సీ శబ్దం పడింది. సరే, పెళ్లింటి వాతావరణం అనుకోవచ్చు.

తట్టాంచావడిలో డ్యూటీ దిగి (బాటిల్ మూతల కంపెనీలో సూపర్‌వైజర్‌ని) నేరుగా త్యాగు సెంటర్‌కు పొయ్యినా. అడగను గాక అడగను, ఊరికే ఒక సీటు తీసుకున్నా. నా సైటు పేరు కొట్టినా.

"పేజీ చూపించడం కుదరదు."

మళ్లీ కొట్టినా. కుదరదు. స్పెల్లింగ్ మార్చి కొట్టినా. కుదరదు.

"ఏం బావా, మెయిల్ చూసుకుంటాండావా?" అన్నాడు త్యాగు వెనకనుంచి.

"ఆఁ, మెయిలే" అన్నా.

తెలిసిన సత్యం: నా కంప్యూటర్లో నా పేజీ నాకు కనపడడం గొప్ప కాదు. అద్దంలో నా మొహం నాకు కనపడినట్టే.

ఆగస్టు 9, బుధవారం. ఉదయం 5:40

చదివినా. అర్థమైంది! బయటినుంచి వచ్చేవాళ్లను మోడెం గుమ్మంలోనే ఆపేస్తాంది. "వీళ్లను లోపలి కంప్యూటర్‌కు పంపించు" అని మోడెంకు చెప్పాల. చెప్పేసినా. ఈరోజుతో అయిపోయింది!

సాయంత్రం 6:45

అయిపోలేదు. త్యాగు సెంటర్లో మళ్లీ కుదరదు.

"ఈమధ్య నీకు మెయిల్స్ ఎక్కువైనాయి బావా."

పాటలు: సున్నా. పెద్దమ్మ తలస్నానం చేసి, వక్కాకు మానుకోని, నీళ్ల చెంబుతో వచ్చి సోఫాలో అరగంట కూర్చునింది. నేను మోడెంతో మాట్లాడతాండా. "రేపు ఆరు పాడుదాం పెద్దమ్మా" అన్నా.

ఆగస్టు 10, గురువారం. సాయంత్రం 7:00

దొరికినాడు దొంగ!

వెబ్‌సైట్ చూసేవాళ్లు ఎప్పుడూ కంప్యూటర్‌కు 80 నంబరు వాకిలి (పోర్టు అంటారు) తడతారంట. ఇండ్ల కనెక్షన్లకు ఆ వాకిలిని బ్రాడ్‌బ్యాండ్ కంపెనీవాళ్లే బయటినుంచి మూసేసినారు. ఫోన్ చేసి అడిగినా.

"ఇంటి కనెక్షన్‌కు అది రాదు సార్" అన్నాడు అవతలాయన.

"ఎందుకు రాదు?"

"ఇల్లు గదా సార్."

ఫోన్ పెట్టేసినా.

పెద్దమ్మ వింటాండాది. "ఏందిరా రంగా, ఏమంటాడు వాడు?"

"వీధి వాకిలి మూసేసినాడు పెద్దమ్మా."

"పెరటి వాకిలి లేదా?"

ఉండాది! 8080! సర్వర్‌ను 80 నుంచి 8080కు మార్చినా. మోడెంలో మార్చినా. పరిగెత్తినా. త్యాగు సెంటర్లో మా ఇంటి ఇంటర్‌నెట్ నంబరు కొట్టి, పక్కన 8080 అని కొట్టినా...

పెద్దమ్మ మొహం! నిదానంగా, పైనుంచి కిందికి, ముందు కొప్పు, తర్వాత కండ్లు, తర్వాత ముక్కుపుడక. సెంటర్లో అందరికీ వినపడేట్టు అరిచినానంట. త్యాగే చెప్పినాడు.

పాటలు: సున్నా. సంతోషం వల్ల.

ఆగస్టు 12, శనివారం. మధ్యాహ్నం 3:20

చివరి మెట్టు. చుట్టాలు ఎవురూ అంత పొడుగు నంబరు కొట్టరు. పేరు అమ్మినవాళ్ల సైటుకు పొయ్యి ఫార్వార్డింగ్ అనే చోట "ఈ పేరుతో ఎవురొచ్చినా ఫలానా నంబరు ఇంటికి, 8080వ వాకిలికి పంపించండి" అని పెట్టినా.

సాయంత్రం 6:00. పనిచేస్తాండాది!!! బయటినుంచి పేరు కొడితే మా ఇల్లు!

ఆరుగురికి ఫోన్ చేసినా. తిండివనం చిన్నాయన విని ఏడ్చినాడంట. మంగళం పాయసం చేసింది. ఆ ఊపులో పెద్దమ్మ చేత రెండు పాటలు. మొత్తం ఐదు. మిగిలింది యాభై ఐదే. పెద్ద పని ముగిసింది, ఇక పాటలదేముంది, చకచకా అయిపోతాయి.

ఆగస్టు 13, ఆదివారం. ఉదయం 9:15

తిండివనం చిన్నాయన ఫోన్.

"ఏరా రంగా, రాత్రి పాట వచ్చింది. పొద్దున చూస్తే పాస్‌వర్డ్ అడుగుతాంది? అక్క పాట వినడానికి నాకు పాస్‌వర్డా?"

మోడెం దగ్గరికి పరిగెత్తినా. సంగతి ఏందంటే, తెల్లవారి కరెంటు పొయ్యి వచ్చింది. మోడెం ఆరి వెలిగింది. వెలిగినప్పుడల్లా కంపెనీవాళ్లు మా ఇంటికి కొత్త నంబరు ఇస్తారు. పాత నంబరు ఇంకెవురికో పొయ్యింది. అంటే తాయారుపాట కోసం వచ్చిన చుట్టాలంతా ఎవురో ముక్కూమొహం తెలీని ఆయన ఇంటి మోడెం దగ్గర నిలబడి తలుపు తడతాండారు!

ఆ అయ్యా, ఎవురో గానీ, క్షమించు.

ఆగస్టు 14, సోమవారం. ఉదయం 7:00

కొత్త రూల్సు. గోడకు అంటించినా, తమిళంలో:
1. మోడెం ఎవురూ ముట్టగూడదు.
2. ఆ ప్లగ్గులో మిక్సీ పెట్టగూడదు.
3. నేను రోజూ పొద్దున కొత్త నంబరు చూసి ఫార్వార్డింగ్‌లో మారుస్తా. అంతే, రెండు నిముషాల పని.

సాయంత్రం. రెండు నిముషాల పనే. కాకపోతే మార్చింది అమలవడానికి గంటలు పడతాది. అంతలో కరెంటు పోతాది.

ఇంకొకటి. మంగళం గోడమీద కాగితం చదివింది. మిక్సీ ప్లగ్గు పెట్టింది. మోడెం ఆరింది.

"టెంకాయ చట్నీ కావాలన్నది ఎవురు?" అనింది.

నేనే.

ఆగస్టు 15, మంగళవారం. సెలవు!

ఈరోజు మొత్తం పాటలే అనుకున్నా. పెద్దమ్మ మూడుసార్లు వచ్చింది.

10:30. "ఒక్క పది నిముషాలు పెద్దమ్మా."
12:00. "నంబరు మార్తాండాది, అది నిలబడనీ."
4:45. వాకిట్లోనే నిలబడి నన్ను చూసి, చెప్పులు గూడా విప్పకుండా వెనక్కి పొయ్యింది.

పాటలు: సున్నా. రేపటినుంచి రోజుకు ఐదు పాడితే సరిపోతాది. కాదు, ఆరు.

ఆగస్టు 18, శుక్రవారం. సాయంత్రం 7:10

మూడు రోజులుగా ఒక కొత్త దయ్యం. మా ఇంట్లో కూర్చోని సైటు పేరు కొడితే పెద్దమ్మ రాదు. మా మోడెం పేజీ వస్తాది! అన్నీ విప్పినా, అన్నీ మళ్లీ బిగించినా. సర్వర్ తీసేసి మళ్లీ ఎక్కించినా. బాటిల్ మూతల దగ్గర రెండు బ్యాచీలు తప్పు రంగులో పొయ్యేదాకా ఇదే ఆలోచన.

సాయంత్రం త్యాగు ఫోన్ చేసినాడు. "బావా, మూడు రోజులుగా నీ సైటు ఇక్కడ బాగానే వస్తాండాదే, ఇప్పుడు యాడ పొయ్యింది?"

"బాగానే వచ్చిందా?!"

"వచ్చింది. పాట గూడా విన్నా. ఇంట్లోనుంచి ఇంటి పేరు కొడితే మోడెమే పలుకుతాది బావా. బయటివాళ్లకు ఏం ఇబ్బంది లేదు."

అంటే చెడిపోనిదాన్ని మూడు రోజులు బాగుచేసి, ఈరోజు నిజంగానే చెడగొట్టినా.

పాటలు అడగొద్దు.

ఆగస్టు 21, సోమవారం. సాయంత్రం 6:30

పదకొండు గంటలకు కంపెనీకి మంగళం ఫోన్. "అత్తకు దవడ వాచింది. జ్వరం. డాక్టరు దగ్గరుండాము. రా."

నేను పొయ్యేసరికి అయిపొయ్యింది. చీము పట్టింది, పెళ్లిదాకా ఆగితే ప్రమాదం అన్నాడంట డాక్టరు. పదకొండూ తీసేసినాడు.

పెద్దమ్మ బెంచీ మీద కూర్చోనుండాది. నోటినిండా దూది. బుగ్గలు లోపలికి పొయ్యి, ఎవురో వేరే మనిషి మాదిరి. నన్ను చూసి చెయ్యెత్తి వేళ్లు చూపించింది. ఒక చెయ్యి, ఐదు వేళ్లు. ఐదు పాటలు.

తర్వాత ఆ చెయ్యి నా తలమీద పెట్టింది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండును.

వాకిలి తెరిచే పనే చేసినా. 80 కాకపోతే 8080. ఎన్ని పూటలు అదే పని! లోపల పెట్టాల్సినదాన్ని వాకిట్లోనుంచే వెనక్కి పంపించినా.

ఆగస్టు 22

కంప్యూటర్ ఆపేసినా. మంగళం పాత చీర ముక్క కప్పింది దుమ్ము పడకుండా. టీవీ చూసినా.

ఆగస్టు 24

తప్పు బ్రాడ్‌బ్యాండ్ వాళ్లది.

ఆగస్టు 25

తప్పు కరెంటుది. కొంచెం డాక్టరుది గూడా.

ఆగస్టు 26

ఈరోజుతో అరవై అయిపోవాల్సింది.

ఆగస్టు 27, ఆదివారం. వినాయక చవితి. మధ్యాహ్నం 2:00

పొద్దుటినుంచి ఫోన్లు. పత్రికలు ఆరువందల ఇండ్లకు చేరినాయి గదా! కడలూరు నుంచి ఒకరు, విల్లుపురం నుంచి ఒకరు. "పత్రికలో ఏదో పేరేసినారే, కొడితే ఏమీ రాలేదు?"

"సర్వర్‌కు ఒంట్లో బాగాలేదు" అన్నా. రెండోవాళ్లు "అయ్యో, పెద్దాయనా?" అని అడిగినారు.

చవితి కుడుములు, అదే మా కొళుకట్టలు, తింటాంటే త్యాగు వచ్చినాడు పండక్కి. మూడో రూలు గుర్తొచ్చింది. చేతిలో కొళుకట్ట తట్టలో పెట్టేసినా. నీళ్లు తాగి అడిగేసినా.

"త్యాగూ, నాకు చేతగాలేదు. సాయం చెయ్యి."

నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. చీర ముక్క తీసి మడత పెట్టి కుర్చీమీద వేసి కూర్చున్నాడు.

"నేనూ పోయినేడు సెంటర్లో ఇదే ట్రై చేసినా బావా. వారంలో మానేసినా. ఎవురికీ చెప్పలా. నువ్వు ఫార్వార్డింగ్‌లో నంబరు రాస్తాండావు. రోజూ మారే నంబరు రాయగూడదు, పేరు రాయాల. మారే నంబరును ఒక పేరు వెనకాల పట్టుకోనుండే సర్వీసులుండాయి. నీ కంప్యూటరే కొత్త నంబరు వాళ్లకు చెప్తాది. ఫార్వార్డింగ్ ఆ పేరుకు పెట్టు, పక్కన 8080."

పది నిముషాలు. కరెక్టుగా పది! మోడెం ఆపి వెలిగించినాము. కడలూరుకు ఫోన్ చేసినాము. వాళ్ల తెరమీద పెద్దమ్మ మొహం వచ్చింది. మళ్లీ ఆపినాము. మళ్లీ వచ్చింది.

ఇరవై రోజులు అడగనందుకు నా చెంప నేనే వాయించుకోవాల.

పోతా పోతా త్యాగు అడిగినాడు. "ఐదే పాటలుండాయేం బావా? మిగతావి ఎప్పుడు ఎక్కిస్తావు?"

కొళుకట్టల డబ్బా చేతిలో పెట్టి పంపించినా.

సెప్టెంబరు 2, శనివారం. సాయంత్రం 6:50. పెళ్లి మండపం

వంటగది వెనక స్టూలు మీద కూర్చోని రాస్తాండా. మర్చిపోకముందే రాయాల.

నాలుగు గంటలకు నందితకు నలుగు. పీట వేసినారు, పసుపు కలిపినారు. ఆడవాళ్లందరూ చుట్టూ చేరి పెద్దమ్మ వైపు చూసినారు. ముప్పై ఏండ్ల అలవాటు. పెద్దమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకోని తల అడ్డంగా ఊపింది.

ఎవురో క్యాసెట్టు పెట్టమన్నారు. నందిత పీటమీద నుంచి "నువ్వు పాడకుంటే నేను లేస్తా అవ్వా" అనింది. చెప్పి, నిజంగానే లేచింది, పసుపు మొహంతో.

అప్పుడు పెద్దమ్మ కొంగు తీసింది. రాగం ఎత్తుకునింది. రాగం అదే, ఇసుమంత తేడా లేదు. ఆ పైన మాట.

"ఫన్నజాజులు తేవే ఫిన్నదానా..."

మంగళానికి ముందు నవ్వొచ్చింది. ఆపుకోబోయి తుమ్మినట్టు నవ్వింది. అంతే, అందరూ! పెద్దమ్మ అందరికన్నా ఎక్కువ నవ్వింది, కండ్లల్లో నీళ్లు, నోరు బావి మాదిరి తెరిచి.

"సన్న అవ్వా! సన్నజాజులు!" అనింది నందిత.

"అదే గదే నేనూ అంటాండాది. ఫన్న!"

"సన్నజాజులు తేవే సిన్నదానా" అని నందిత పాడి చూపించింది. మంగళం అందుకునింది, "సందెవేళ దాటకుండ సిన్నదానా." మూడో వరుస కడలూరు అన్నమ్మాళ్ అక్క. నాలుగోది ఎవురిదో నాకు తెలీదు.

వాళ్లకు వచ్చు! అన్నీ వచ్చు! ముప్పై ఏండ్లుగా ప్రతి పెళ్లిలో వింటాండారు గదా. పెద్దమ్మ ఉండాది గదా అని ఎవురూ నోరు తెరవలా, అంతే. పెద్దమ్మ రాగం, తప్పు మాట. వీళ్లు సరిచేసే మాట, వరుసలు. ఒక పాట కాగానే ఇంకోటి. ఒకచోట మంగళానికీ అన్నమ్మాళ్ అక్కకూ చరణం దగ్గర గొడవ. పెద్దమ్మ చెయ్యెత్తి మంగళం వైపు చూపించింది. మంగళం గెలిచింది! పదహారేండ్ల కాపురంలో ఈమెకు ఇన్ని పాటలు వచ్చని నాకు తెలీదు.

నేనేం చేస్తాండానంటే, త్యాగు జేబు రికార్డర్ పట్టుకోని, వంటవాళ్ల పక్కన, గుమ్మంలో నిలబడుకోనుండా. గంటా నలభై నిముషాలు. చెయ్యి పీకింది. మార్చలా.

పాటలు: పద్దెనిమిది.

సెప్టెంబరు 3, ఆదివారం. మధ్యాహ్నం 1:30

పెళ్లి అయింది. భోజనాల దగ్గర తిండివనం చిన్నాయన కొత్తవాళ్లకంతా పత్రిక అడుగు చూపించి చెప్తాండాడు. "ఇది కొడితే రంగా ఇల్లు తెరుచుకుంటాది." ఎవురో "తాళం వెయ్యడా?" అన్నారు.

పెద్దమ్మకు మెత్తగా పిసికిన అన్నం, రసం. "పద్దెనిమిదీ ఐదూ ఇరవై మూడు పెద్దమ్మా, ఇంకా ముప్పై ఏడుండాయి" అన్నా.

పెద్దమ్మ మాటలు ఇప్పుడు కొంచెం కొంచెం అర్థమవుతాండాయి నాకు. చెప్పింది ఏందంటే: కట్టుడు పళ్లు వచ్చేదాకా ఆగే పనిలేదు, ఆమె రాగం ఎత్తుతాది, మంగళం మాట చెప్తాది. ఒక్క షరతు. పాట అయ్యేదాకా నేను ఆ పెట్టెవైపు తిరగగూడదు.

సెప్టెంబరు 4, సోమవారం. ఉదయం 6:00

తీర్మానం, మళ్లీ మొదటినుంచి. ఈసారి ఒక్కటే రూలు: ముందు పాట. తర్వాతే పోర్టు.

రోజుకు మూడు. పదమూడు రోజులు. ముప్పై ఏడుకు రెండు ఎక్కువే వస్తాయి. లెక్క ఎంత అందంగా... సరే, రాయను.

సాయంత్రం 7:15

మూడు పాటలు! నిజంగా మూడు! పెద్దమ్మ రాగం, మంగళం మాట, నా తల ఊపడం. ఆ పెట్టెవైపు తల గూడా తిప్పలా. అయినాక కాఫీ తాగి, ఆ ఇద్దరూ వాకిట్లో కూర్చోని రేపటి మూడూ ఏవో తేల్చుకుంటాండారు.

నేనిప్పుడు కంప్యూటర్ ముందు. సర్వర్ బాగుండాది. అంతా బాగుండాది. కానీ ఎవురో ఒక సైటులో రాసినాడు, 8080 కన్నా 8081 మంచిదంట. ఎందుకు మంచిదో గూడా రాయలా. ఊరికే ఒక్కసారి మార్చి చూస్తే ఏం పోతాది? రెండు నిముషాల పని.

7:22. మార్చే ముందు ఎవురైనా ఉండారేమో అని ఎవురొచ్చినారో సర్వర్ రాసిపెట్టే పుస్తకం తెరిచి చూసినా. ఉండారు! ఒక్కరు. మూడో పాట. ఇప్పుడే మొదలుపెట్టినారు. నంబరు చూస్తే మనూరిది కాదు. మన చుట్టాలలో ఎవురిదీ కాదు. ఎవురో తెలీదు.

పాట ఐదు నిముషాలు. నేను మార్చితే సగంలో తెగిపోతాది.

7:24. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నా. ఇది ఒక్క చెయ్యి తీసి రాస్తాండా.

7:28. మూడో పాట అయిపొయ్యింది. నాలుగోది మొదలుపెట్టినారు.